మీగడ కారు – పదకొండో భాగం: బల్బు ఆరలేదు

పోయిన వారం మనం మీగడ కారును నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర, నడిరోడ్డు మీద, వెనక నాలుగు హారన్లు మోగుతుంటే వదిలేసి వచ్చాం. ఐదు వారాల్లో అది అలా ఆగిపోవడం ఏడోసారి. స్టీరింగ్ దగ్గర మేస్త్రీ, పక్క సీట్లో ఆయన కోడలు. కోడలి కళ్ళు రోడ్డు మీద లేవు, డాష్‌బోర్డుకు టేపు వేసి అంటించిన చిన్న బల్బు మీద ఉన్నాయి. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కి వెళ్ళే కరెంటు తీగ నుంచి ఒక కొస లాక్కొచ్చి ఆ బల్బుకు కలిపింది ఆమే. బండి ఆగేటప్పుడు బల్బు ఆరితే తప్పు కరెంటుది. ఆరకపోతే ఇంకెవరిదో.

బల్బు ఆరలేదు. చీకట్లో పిల్లి కన్నులా వెలుగుతూనే ఉంది. బండి మాత్రం చచ్చి కూర్చుంది.

తెల్లారి ఎనిమిదింటికల్లా కోడలు షెడ్డు తలుపు ఎత్తేసింది. కారు ముందురోజు తోసుకొచ్చి నిలబెట్టిన చోటే ఉంది. మీగడ రంగు వేసిన పాత కారు కనక దాని పేరే మీగడ అయిపోయింది. మేస్త్రీ నలభై ఏళ్ళుగా ఎందరి బండ్లో బాగుచేశాడు గానీ తనదంటూ ఉంచుకున్న బండి అదొక్కటే. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాక షెడ్డు కోడలికి అప్పగించాడు. ఆమె ఈ ఇంటికొచ్చినప్పుడు ఏ పానా దేనికో కూడా తెలియదు. మొదట మామగారికి పానాలు అందించింది, తర్వాత నట్లు బిగించింది, తర్వాత ఇంజిన్లు విప్పింది. ఒకప్పుడు గుమ్మంలో నిలబడి "మేస్త్రీ లేరా?" అని మొహం మాడ్చుకున్నవాళ్ళే ఇప్పుడు "అమ్మ లేరా?" అని అడుగుతున్నారు. మేస్త్రీ వీధిలో "నా శిష్యురాలు" అని చెప్పుకుంటాడు. షెడ్డులోకొస్తే మాత్రం ఆమె బిగించిన ప్రతి నట్టునూ ఇంకోసారి తిప్పి చూస్తాడు.

మేస్త్రీకి ఇప్పుడున్న పనల్లా పొద్దునా సాయంత్రం పిల్లల్ని బడికి తీసుకెళ్ళి తీసుకురావడం. మనవరాలు చిట్టి, పక్కింటి పిల్లలు ముగ్గురు.

కోడలు ఈ ఐదు వారాల్లో చెయ్యని పని లేదు. పాయింట్లు మార్చింది, కండెన్సర్ మార్చింది, కాయిల్ మార్చింది. కార్బొరేటర్ విప్పి పెట్రోలులో నానబెట్టి కడిగింది. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం పూడిపోయిందేమోనని సూదితో పొడిచి చూసింది. "ఇంక మార్చాల్సింది కారొక్కటే" అని భర్త వేళాకోళం చేశాడు. అతనిది ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగి తిరిగి వచ్చి, ఇంట్లో కూడా మీటర్ల గొడవేనా అంటాడు.

చిత్రమేమిటంటే, కోడలు నడిపితే మీగడ ఒక్కసారీ ఆగలేదు.

"నువ్వంటే దానికి భయం. నేనంటే చనువు" అంటాడు మేస్త్రీ.

ఆ పొద్దున ఆమె పెట్రోలు గొట్టానికి ఒత్తిడి చూపే మీటరు తగిలించి, దాని పొడుగాటి గొట్టాన్ని బానెట్ సందులోంచి పైకి తెచ్చి, మీటరును అద్దం మీద వైపరు కింద ఇరికించింది. ఇప్పుడు లోపల కూర్చున్నవాళ్ళకి ఒక పక్క బల్బు, ఇంకో పక్క మీటరు ముల్లు కనిపిస్తాయి. కరెంటు పోతే బల్బు ఆరుతుంది. పెట్రోలు అందకపోతే ముల్లు పడుతుంది. ఇంజిన్ నడవడానికి కావలసినవి ముఖ్యంగా ఆ రెండే కాబట్టి దొంగ ఎటువైపు నుంచి పోయినా దొరకాలి.

మేస్త్రీ టీ గ్లాసుతో వచ్చి అద్దం వైపు చూశాడు.

"ఇదేంటమ్మా, దానికి ముక్కులో గొట్టం పెట్టావు? అంత సీరియస్‌గా ఉందా?"

"పెట్రోలు సంగతి చూద్దాం మామయ్యా. కరెంటు తప్పు లేదని నిన్న తేలిపోయింది కదా."

"తేలిందా? నీ బల్బు అబద్ధాలకోరేమో."

"మీరు కొన్న బల్బే."

మేస్త్రీ నవ్వి టీ తాగాడు. కోడలు క్లిప్పు బిగిస్తూ, ఊరికే మాటవరసకి అడిగింది.

"నిన్న ఆగే ముందు భలే కుదిపింది కదా మామయ్యా. నా నుదురు వెళ్ళి డాష్‌బోర్డుకి కొట్టుకుంది."

"కుదిపిందా? ఎక్కడ కుదిపింది? నిద్రపోయినట్టు ఆగింది."

స్క్రూడ్రైవర్ తిప్పుతున్న చెయ్యి ఆగింది. ఆమె తలెత్తి చూసింది. మేస్త్రీ వేళాకోళమాడటం లేదు. గ్లాసు అడుగున మిగిలిన టీని కుదిపి గుక్కలో మింగేశాడు.

వీధి చివర మలుపు తిరుగుతున్న బండి చప్పుడు విని, కళ్ళు మూసుకునే "మూడో సిలిండరు కొట్టట్లేదు" అని చెప్పే మనిషి ఈయన. సీటు కింద నట్టు వదులైతే నడుముకు తెలుస్తుందనే మనిషి. అలాంటాయనకి, బండంతా దడదడా ఊగిపోయిన కుదుపు తెలియలేదా?

ఆమెకు ఇంకోటి కూడా తోచింది. కరెంటు పోతే బండి కుదపదు. ఇంజిన్ మూగబోతుంది, బండి ఆ ఊపులో దొర్లుకుంటూ పోతుంది. పెట్రోలు చాలకపోతే దగ్గుతుంది, కాస్త లేస్తుంది, మళ్ళీ దగ్గుతుంది. నిన్నటిది ఆ రెండూ కాదు. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో పెద్ద గేరులో ఉండగానే యాక్సిలరేటర్ వదిలేసి, క్లచ్ తొక్కడం మరిచిపోయి, ఇదే కారును ఇలాగే దడదడలాడించి చంపేది తనే. అప్పుడు పక్క సీట్లో కూర్చున్న మేస్త్రీ "బండికి మలేరియా తెప్పించావు కదమ్మా" అనేవాడు.

ఆమె క్లిప్పు బిగించింది. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని "పదండి, ఒక చుట్టు తిరిగొద్దాం" అంది. బల్బునీ ముల్లునీ ఓ కంట చూస్తే చాలని, అసలు చూపు ఇవాళ మామగారి మీదే పెట్టాలని అప్పుడే అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

మొదటి చుట్టు ఏమీ కాలేదు. టైలరు కొట్టు దాటారు, సైకిళ్ళ షాపు దాటారు, నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తు ఎక్కి దిగి, బడి గోడ పక్కగా తిరిగొచ్చారు. మేస్త్రీ చేతులు స్టీరింగ్ మీద తేలిగ్గా ఉన్నాయి. గేరు మార్చిన చప్పుడైనా వినిపించదు ఆయన మారిస్తే. రెండో చుట్టూ అంతే. "చూశావా, మీటరు పెట్టేసరికి బుద్ధి తెచ్చుకుంది" అన్నాడు. కోడలికి లోపల సిగ్గేసింది. ఛీ, ఎలాంటి ఆలోచన వచ్చింది నాకు అనుకుంది.

మూడో చుట్టులో ట్యాంకు ఎత్తు ఎక్కుతూ మేస్త్రీ ఏదో పాత సంగతి మొదలుపెట్టాడు. ఎప్పుడో ఒక లారీ డ్రైవరు, బాగుచేసిన బండిని నడిపి చూసి వచ్చి ఆయనతో అన్న మాట.

"దిగీ దిగగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడమ్మా. మేస్త్రీ, నువ్వు ముట్టుకుంటే ఇంజిన్ కాదు, నా..."

మాట అక్కడే నిలిచిపోయింది.

గేరు మార్చడానికి ఆగాడనుకుంది ఆమె. తల తిప్పి చూసింది.

మేస్త్రీ కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి, నోట్లో ఏమీ లేకుండానే ఏదో నములుతున్నట్టు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద బరువుగా పడి ఉంది. రెండోది చొక్కా రెండో గుండీని పట్టుకుని లాగుతోంది, వదులుతోంది, లాగుతోంది. కాలు యాక్సిలరేటర్ మీంచి జారిపోయింది.

"మామయ్యా."

మీగడ ఎత్తులో నెమ్మదించింది. స్టీరింగ్ మీది చెయ్యి బరువుకు ముందు చక్రాలు మెల్లగా రోడ్డు అవతలి వైపుకు తిరిగాయి. ఎత్తు పైనుంచి ఇటుకల లారీ దిగుతోంది.

"మామయ్యా! బ్రేకు!"

ఉలుకూ పలుకూ లేదు. గుండీ లాగుతోంది చెయ్యి. లారీ హారన్ చెవులు పగిలేలా మోగింది. కోడలు సీట్లోంచి సగం లేచి ఒక చేత్తో స్టీరింగ్‌ని తనవైపుకు లాగింది, రెండో చేత్తో హ్యాండ్‌బ్రేకు పట్టుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పైకి ఎత్తింది. "బ్రేకు మామయ్యా, బ్రేకు!" అని ఇంకోసారి అరిచింది. కారు దడదడలాడింది, ఊగింది, ఆగింది. లారీ అద్దం వీళ్ళ కారు పక్క నుంచి జానెడు దూరంలో దూసుకుపోయింది.

"చావడానికి నా బండే దొరికిందా!" లారీవాడి అరుపు గాలిలో వెనక్కి వచ్చింది.

ఇంజిన్ చచ్చిపోయింది. డాష్‌బోర్డు మీద బల్బు వెలుగుతూనే ఉంది. అద్దం మీద ముల్లు పెట్టిన చోటే నిలబడి ఉంది.

మేస్త్రీ గుండీ వదిలేశాడు. గుటక మింగాడు. రెండుసార్లు కనురెప్పలు ఆర్చాడు. చుట్టూ చూసి, బండి ఆగి ఉండటం గమనించి, తొడ మీద చరుచుకున్నాడు.

"ఇదిగో! మళ్ళీ ఆగింది. చూశావా? ఏదీ, బల్బు ఏమంటోంది?"

ఆమె బల్బు వైపు చూసింది. "ఆరలేదు" అంది.

"ముల్లు?"

"పడలేదు."

"అయితే మరేంటే తల్లీ దీని రోగం!" అన్నాడు మేస్త్రీ, నిజంగానే విసుగొచ్చి.

"మీరు ఇటు రండి మామయ్యా. నేను నడుపుతాను" అంది ఆమె. ఆయన ఏదో అనబోయి, ఆమె మొహం చూసి దిగాడు.

షెడ్డులో కారు పెట్టి, ఆమె తలుపు సగానికి దించేసింది. కారు తాళం తీసి తన చేతిలోనే ఉంచుకుంది. మేస్త్రీ బల్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. ఎదురుగా ఒక పాత టైరు లాక్కుని దాని మీద కూర్చుంది ఆమె.

"బండి ఆగడం మీకెప్పుడు తెలిసింది మామయ్యా ఇవాళ?"

"ఎప్పుడేంటి? ఆగినప్పుడే."

"ఆగే ముందు మీరేం చెబుతున్నారు?"

ఆయన ఆలోచించాడు. "ఏదో... లారీ సంగతి. అవును, ఆ లారీవాడి సంగతి."

"దాని తర్వాత ఏమైంది?"

"బండి ఆగింది. ఇదేంటమ్మా, పోలీసు ప్రశ్నలు?"

"నేను అరిచాను. మూడుసార్లు. ఎదురుగా ఇటుకల లారీ వచ్చింది. హారన్ కొట్టుకుంటూ వచ్చింది. మనల్ని తిట్టుకుంటూ పోయింది. మీకు వినబడిందా?"

మేస్త్రీ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"ఏ లారీ?"

"హ్యాండ్‌బ్రేకు ఎవరు వేశారు?"

"నువ్వే వేసుంటావు."

"నేనే వేశాను. ఎప్పుడు వేశానో చెప్పండి."

మేస్త్రీ సమాధానం కోసం లోపల వెతుక్కుంటున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. పోగొట్టుకున్న పానా కోసం జేబులన్నీ తడుముకునే మనిషిలా, ఆయన చూపు నేల మీద అటూ ఇటూ తిరిగింది.

అంతలో చివాలున లేచాడు.

"నాకు మతిపోయిందంటావు, అంతేనా? ఐదు వారాల నుంచి పట్టుకోలేకపోయావు. సగం కారు మార్చావు. నీకు చేతకాక, నెపం తెచ్చి నా నెత్తిన పెడుతున్నావు. మా పని ఇలా నేర్పానా నీకు?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఇంకోరోజైతే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ లారీ అద్దం ఇంకా కళ్ళ ముందు ఉండటంతో ఏడుపు రాలేదు.

"ఇలాగే నేర్పారు మామయ్యా. బాగున్నదాన్ని ఒక్కోటి పక్కన పెట్టుకుంటూ పో, చివరికి మిగిలిందే దోషం అన్నారు. కరెంటు పక్కన పెట్టాను. పెట్రోలు పక్కన పెట్టాను. నేను నడిపితే ఆగదు. మీరు నడిపితేనే ఆగుతుంది. నిన్న నా నుదురు కొట్టుకునేంత కుదిపితే మీకు తెలియలేదు. ఇంకేం మిగిలింది?"

"అలిసిపోయుంటాను. కునుకు పట్టిందేమో. ఈ వయసులో ఎవరికి పట్టదు?"

"కునుకైతే కళ్ళు మూసుకుంటారు. మీ కళ్ళు తెరిచే ఉన్నాయి. చొక్కా గుండీ లాగుతున్నారు. ఏదో నములుతున్నారు."

మేస్త్రీ చెయ్యి తనకు తెలియకుండానే గుండీ దగ్గరికి వెళ్ళింది. అది వదులుగా, రెండు దారాల మీద వేలాడుతోంది. ఆయన దాన్ని పట్టుకుని చూసి, చటుక్కున వదిలేశాడు.

ఆమె చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఊగిసలాడింది. చెప్పేసింది.

"పోయిన వారం చిట్టి బడి నుంచి వచ్చి నాతో ఏమందో తెలుసా? బండి ఆగినప్పుడల్లా తాతయ్య బొమ్మాట ఆడతాడమ్మా, మేమెంత గిలిగింతలు పెట్టినా కదలడు, ప్రతిసారీ తాతయ్యే గెలుస్తాడు అంది. నేను నవ్వాను మామయ్యా. చిలిపి తాతయ్య అన్నాను."

మేస్త్రీ కూర్చోలేదు, కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. ఎన్ని సబ్బులకూ గ్రీజు వదలని చేతులు.

"నలుగురు పిల్లలు" అన్నాడు చివరికి. "ఐదు వారాలు."

"ఏం కాలేదు కదా. దేవుడు చల్లగా చూశాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళదాం. ఇవాల్టి నుంచి పిల్లల్ని నేనే తెస్తాను."

ఆయన తలూపాడు. తర్వాత ఉన్నట్టుండి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెళ్ళయిన పదేళ్ళలో మామగారు ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"వాడికి చెప్పకు."

"ఎవరికి? మీ అబ్బాయికా? చెప్పకుండా ఎలా మామయ్యా?"

"డాక్టరు దగ్గరికి నువ్వు తీసుకెళ్ళు, వస్తాను. ఏ మందంటే ఆ మందు మింగుతాను. తాళం ముట్టుకోను. వాడికి మాత్రం చెప్పకమ్మా. ఇంకేదీ అడగను నిన్ను."

పరువు కోసమనుకుంది ఆమె. నలభై ఏళ్ళు బండ్లతో బతికిన మనిషి, కొడుకు ముందు స్టీరింగ్ వదులుకోలేడని అనుకుంది. జాలేసింది. అయినా ఆయన కళ్ళల్లో ఉన్నది సిగ్గులా అనిపించలేదు. భయంలా ఉంది. అంత పెద్ద మనిషికి కన్నకొడుకంటే ఎందుకంత భయం?

అడిగేలోపు బయట స్కూటరు చప్పుడైంది. భర్త. ఆ పూట మీటర్లు ఈ వీధుల్లోనేనట, భోజనానికి ఇంటికొచ్చాడు.

ఆ చప్పుడు వినగానే మేస్త్రీ చేసిన పనికి కోడలు నిర్ఘాంతపోయింది. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో, గభాల్న లేచి ఆమె చేతిలోంచి తాళం లాక్కుని, కారు తలుపు తీసి ఇంజిన్ స్టార్టు చేశాడు. బానెట్ ఎత్తి నిలబెట్టాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని, కొడుకు తలుపు కింద నుంచి వంగి లోపలికొచ్చేసరికి, ఏమీ ఎరగనట్టు ఇంజిన్ మీదికి వంగి ఉన్నాడు.

"ఏంటి, సగం తలుపు దించుకుని మామా కోడళ్ళ రహస్యాలా?" భర్త నవ్వుతూ హెల్మెట్ తీశాడు. "దొరికిందా దీని జబ్బు?"

"దొరికిందిరా!" మేస్త్రీ గొంతు మరీ హుషారుగా ఉంది. "కాయిలు. కొత్తదే పాడు సరుకు ఇచ్చాడు వెధవ. ఇంకోటి వేసింది నా శిష్యురాలు. చూడు ఎలా పాడుతోందో. సాయంత్రం పిల్లల్ని నేనే..."

ఆ మాటంటూ కోడలి వైపు చూశాడు. అవునను, నా తల్లి కదూ అన్నట్టున్న చూపు.

ఇప్పుడే తాళం ముట్టుకోనన్న మనిషి. అవునంటే ఈయన పరువు నిలబడుతుంది, సాయంత్రం మూడున్నరకి చిట్టి వెనక సీట్లో కూర్చుని తాతయ్యకి గిలిగింతలు పెడుతుంది. కాదంటే, మామగారు ఇంకెప్పుడూ తన మొహం చూడకపోవచ్చు.

"కాయిల్ కాదండీ" అంది.

భర్త ఆమె వైపు తిరిగాడు. "మరి?"

"ఏంటమ్మా కాదంటావు!" మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు. "రారా, ఇటు రా. నేను చూపిస్తా. ఇదిగో ఈ వైరు ఉంది చూడు, ఇది వేడెక్కినప్పుడు..."

చూపిస్తున్న వేలు గాలిలో అలాగే ఉండిపోయింది.

భర్త ఇంకా నవ్వుతూనే "ఊఁ, వేడెక్కినప్పుడు?" అన్నాడు.

మేస్త్రీ పెదవులు నమలడం మొదలుపెట్టాయి. రెండో చెయ్యి వేలాడుతున్న గుండీని వెతుక్కుంది. భుజం మీద తువ్వాలు కొస జారి, జారి, గిర్రున తిరుగుతున్న ఇంజిన్ ఫ్యాను మీదికి వేలాడింది. రెక్కల గాలికి అది అటూ ఇటూ కొట్టుకుంటోంది. రెండో కొస ఆయన మెడ చుట్టూ ఉంది.

కోడలు ఎలా దూకిందో ఆమెకే తెలియదు. తెరిచి ఉన్న కారు తలుపులోంచి లోపలికి పడి తాళం వెనక్కి తిప్పింది. ఇంజిన్ ఆగింది. ఆగే ముందు ఫ్యాను తువ్వాలు కొసను ఒక్క కొరుకు కొరికింది. చిరిగిన చప్పుడు. అంతే.

లేచి పరిగెత్తుకొచ్చింది. భర్త గాభరా పడిపోయి ఉంటాడని, నాన్నా నాన్నా అని అరుస్తూ కుదుపుతుంటాడని అనుకుంది. ఎలా పట్టుకోవాలో, ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకుంది.

భర్త అరవడం లేదు. కుదపడం లేదు. ఒక చెయ్యి తండ్రి వీపు వెనక ఆనించి, మెడ నుంచి తువ్వాలు తీసేసి, పై గుండీ విప్పి, ఆయన్ని మెల్లగా బల్ల మీద కూర్చోబెట్టాడు. తండ్రి చెవి దగ్గర వంగి, చిన్నపిల్లాడిని జోకొట్టే గొంతుతో "ఏం లేదు నాన్నా, ఇంట్లోనే ఉన్నాం, నేనున్నాను" అన్నాడు. చూపు మాత్రం తన చేతి గడియారం మీద ఉంది. సెకన్ల ముల్లును లెక్కపెడుతున్నాడు.

ఇది మొదటిసారి చూస్తున్న మనిషి చేసే పని కాదు.

మేస్త్రీ గుటక మింగాడు. కనురెప్పలు ఆర్చాడు. ఎదురుగా కొడుకు మొహం, కొడుకు చేతి గడియారం కనబడగానే ఆయనకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"ముప్పై ఎనిమిది" అన్నాడు భర్త నెమ్మదిగా. "అప్పట్లో ఇరవై దాటేది కాదు. మళ్ళీ ఎప్పటి నుంచి నాన్నా?"

"అప్పట్లో అంటే?" కోడలు భర్త ముందుకొచ్చి నిలబడింది. "మీకు తెలుసా ఇది? తెలిసే, ఇన్నాళ్ళూ పిల్లని ఆ బండెక్కించారా?"

"ఒక రకం మూర్ఛ అన్నారు, తగ్గిపోయింది అనుకున్నాం. మందులు వాడాడు. ఇరవై రెండేళ్ళయింది. ఒక్కసారీ రాలేదు. నాకు..." భర్త చిరిగిన తువ్వాలు మడతపెట్టాడు. "నువ్వు లోపలికెళ్ళు. తర్వాత మాట్లాడుకుందాం."

"అప్పట్లో అంటే ఎప్పుడండీ?"

భర్త మొహం పక్కకు తిప్పుకున్నాడు. జవాబు మేస్త్రీ నుంచి వచ్చింది.

"మీ అత్తయ్య పోయినప్పుడు."

అత్తగారిని ఆమె చూడలేదు. ఈ ఇంటికి వచ్చేసరికే ఆవిడ ముందు గదిలో ఫొటో అయి ఉంది. గుండెపోటని చెప్పారు. పెళ్ళిచూపుల్లో అడిగితే అదే మాట, తర్వాత ఎప్పుడడిగినా అదే మాట.

"నాన్నా, వద్దు" అన్నాడు భర్త. "దీని ముందు వద్దు."

"దీని ముందే చెప్పాలిరా. ఇవాళ నా పక్కన కూర్చుంది ఇదే." మేస్త్రీ బల్ల అంచు పట్టుకుని కోడలి కళ్ళల్లోకి చూశాడు. "గుండెపోటు కాదమ్మా. ఈ కారే. నువ్వు కూర్చున్న ఆ సీటే. ఏదో నవ్వుతూ చెబుతోంది నాతో, అంతవరకు గుర్తుంది నాకు. దిగుడు రోడ్డు."

ఆయన ఒకసారి మీగడ వైపు చూశాడు.

"ఆ రోజు బండి ఆగలేదు."